పాత కిటికీ, కొత్త కిటికీ

తెనాలి నుంచి మామయ్య ఫోన్ చేశాడు. “ఏరా, నా ల్యాప్‌టాప్‌కి కాలం చెల్లిందట. తెర నిండా రాసి చూపిస్తోంది. నిన్నటిదాకా బాగానే ఉందే! పదకొండు ఎక్కించమంటావా, పదితోనే లాగించమంటావా?”

బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాది, 2017 వేసవిలో, కొనుక్కున్న ల్యాప్‌టాప్ అది. దగ్గరుండి కొనిపించింది నేనే కనక నేరం నాదే. ఏం చెప్పాలో తోచక “రెండ్రోజులాగు మామయ్యా” అన్నాను. ఆ రెండ్రోజులూ పాత విండోసుల్నీ కొత్త విండోసుల్నీ తిరగేస్తుంటే పోగుపడిన ముచ్చట్లివి. వరస వెతక్కండి, ఏది ముందు చేతికి తగిలితే అది.

◆ విండోసులు పోయేది మంగళవారం నాడే. ఎక్స్‌పీ 2014 ఏప్రిల్ 8న పోయింది. విస్టా 2017 ఏప్రిల్ 11న, ఏడు 2020 జనవరి 14న, పది 2025 అక్టోబరు 14న. క్యాలెండరు తీసి చూడండి, అన్నీ ఆయా నెలల్లో రెండో మంగళవారాలే. 2003 నుంచి మైక్రోసాఫ్ట్ నెలనెలా రెండో మంగళవారం నాడు భద్రతలోని కంతలకి అతుకులు పంపిస్తోంది. ఆఖరి అతుకు పంపిన రోజే ఆ విండోస్‌కి ఆఖరి రోజు. అక్కడ పొద్దున పదింటికి వదిలితే మనకి రాత్రి పదిన్నరో, పదకొండున్నరో అవుతుంది. మంగళవారం ఏ పనీ మొదలుపెట్టని వాళ్లు నిశ్చింతగా బుధవారం తెల్లారాక అప్‌డేట్ నొక్కుకోవచ్చు.

పోవడమంటే ఆగిపోవడం కాదు. అక్టోబరు 15న కూడా మామయ్య ల్యాప్‌టాప్ ఎప్పటిలాగే తెరుచుకుంది. ఇంటికి తాళం అలాగే ఉంది. కాకపోతే ఊళ్లో దొంగలు రోజూ కొత్త మారుతాళాలు చేసుకుంటూనే ఉంటారు. ఇన్నాళ్లూ నెలకోసారి వచ్చి తాళంకప్ప చూసి బాగుచేసి వెళ్లేవాడు ఇకమీదట రాడు. తేడా అంతే. చిన్న తేడా అని మాత్రం అనను.

◆ పదకొండో విండోస్ ఎక్కుతుందో లేదో తెలుసుకోవాలంటే ల్యాప్‌టాప్ మీద అరచెయ్యి ఆనేచోట అంటించిన స్టిక్కరు చూడాలి. లేదంటే సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ పేజీ తీసి ప్రాసెసర్ పేరు చదవాలి. ఐ5-7200యు అని ఉంటే డ్యాష్ తర్వాతి ఏడే దాని తరం. ఐ5-8250యు అయితే ఎనిమిదో తరం. ఐ5-10210యు అయితే పదో తరం. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే పదకొండు ఎక్కుతుంది. ఎనిమిదో తరం బజారుకొచ్చింది 2017 ఆగస్టులో. మామయ్యకి నేను ల్యాప్‌టాప్ కొనిపించింది మే నెలలో. రిటైరయ్యేదాకా ఆగమని ఆయనే అన్నాడు కూడా, “ఇప్పుడు ఆఫరుంది, కొనెయ్” అని తొందరపెట్టింది నేను.

ఏడుకీ ఎనిమిదికీ అంకెలోనే తేడా అనుకునేవాణ్ణి. కాదు. ఏడో తరం ల్యాప్‌టాప్ ఐ5ల్లో, యు రకంలో, కోర్లు రెండే. ఎనిమిదో తరంలో ఒక్కసారిగా నాలుగయ్యాయి. ఆ మూడు నెలలు ఆగి ఉంటే సగం ఎక్కువ కాదు, రెట్టింపు బండి వచ్చేది. ఈ సంగతి మామయ్యకి ఇంకా చెప్పలేదు.

◆ ఆ ‘దాదాపుగా’ అన్న మాట వెనక ఒక తమాషా ఉంది. ఏడో తరంలో ఐ7-7820హెచ్‌క్యూ అనే ఒక ప్రాసెసర్‌కి మైక్రోసాఫ్ట్ తర్వాత మినహాయింపు ఇచ్చింది, అదీ ఎంపిక చేసిన కొన్ని యంత్రాలకే. ఆ ప్రాసెసర్‌తో వచ్చిన ఒక పెద్ద యంత్రం సర్ఫేస్ స్టూడియో 2. దాన్ని తయారుచేసింది మైక్రోసాఫ్టే. వడ్డించేవాడు మనవాడైతే అన్న సామెత గుర్తొస్తే నన్నేం అనకండి.

◆ టీపీఎం, టీపీఎం అని అందరూ భయపెడతారు. పాస్‌వర్డుల తాళంచెవుల్ని విండోస్‌కి కూడా అందకుండా దాచిపెట్టే చిన్న చిప్పు అది. పదకొండుకి దాని 2.0 రకం ఉండాలి. కానీ 2016 జూలై 28 తర్వాత పదో విండోస్‌తో వచ్చే కొత్త మోడళ్లలో ఆ చిప్పు ఉండాలని మైక్రోసాఫ్ట్ అప్పుడే నిబంధన పెట్టింది. కాబట్టి మామయ్య ల్యాప్‌టాప్‌లో చిప్పు ఉంది. నాలుగు జీబీ ర్యామ్ అడిగితే ఎనిమిది ఉంది. 64 జీబీ డిస్కు అడిగితే వెయ్యి ఉంది. అన్ని పరీక్షలూ పాసై పుట్టిన తేదీ దగ్గర ఫెయిలైంది.

◆ అంకెల సంగతే చెప్పుకోవాలంటే, విండోస్ 7 లోపలి నంబరు 7 కాదు, 6.1. విస్టా 6.0. ఎనిమిది 6.2, 8.1 అయితే 6.3. అక్కణ్ణుంచి ఒక్క దూకు దూకి పదో విండోస్‌కి 10.0 అయింది. మరి పదకొండుకి? అదీ 10.0 యే. బిల్డ్ నంబరు 22000, ఆపైన ఉంటే పదకొండు అని గుర్తు. నమ్మకపోతే మీ పదకొండులో నల్లతెర కమాండ్ ప్రాంప్ట్ తెరిచి చూడండి, పైవరసలోనే కనబడుతుంది. పాత ప్రోగ్రాములు కొన్ని నంబరు చూసి బెదురుతాయి కాబట్టి ఇంటిపేరు మార్చకుండా ముద్దుపేరు మార్చారన్నమాట.

◆ “విండోస్‌కి పదే ఆఖరిది, ఇక అన్నీ దీనికే మెరుగులు” అనే అర్థం వచ్చేలా 2015లో చికాగో సభలో మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకాయన మాట్లాడాడు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. ఆరేళ్లకి, 2021 అక్టోబరు 5న, పదకొండు వచ్చింది.

◆ విండోస్ 95కి కనీసం కావలసిన ర్యామ్ నాలుగు ఎంబీ. విండోస్ 11కి నాలుగు జీబీ. ఇరవయ్యారేళ్లలో వెయ్యి రెట్లు, పైన ఇరవై నాలుగు కొసరు. అయితే ఈ ఎదుగుదల ఏటా సమంగా జరిగిందనుకుంటే పొరపాటు. ఎక్స్‌పీ 64 ఎంబీతో సరిపెట్టుకునేది. ఐదారేళ్లకి వచ్చిన విస్టా 512 ఎంబీ అడిగి, ఒక జీబీ ఉంటే మంచిదని సణిగేది. ఆ తర్వాత 2009లో వచ్చిన ఏడు, 2012లో వచ్చిన ఎనిమిది, 2015లో వచ్చిన పది మూడూ అడిగింది ఒకటే: 32 బిట్‌కి ఒక జీబీ, 64 బిట్‌కి రెండు. అందుకే ఏడు నుంచి పదికి మారమన్నప్పుడు యంత్రం చాలదని జనం పెద్దగా గొణగలేదు, పది నుంచి పదకొండుకి మారమంటే గోల పెట్టారు. అలవాటు చెడగొట్టింది వాళ్లే.

కనీసం అన్న మాటని మాత్రం పెళ్లిచూపుల్లో చెప్పిన వయసు లాగే తీసుకోవాలి. నాలుగు జీబీలో పదకొండు తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచి చూడండి.

◆ కొత్తొక వింత, పాతొక రోత అంటారు. విస్టా విషయంలో తిరగబడింది. 2007 జనవరి 30న అది బజారుకొచ్చాక, కొత్త ల్యాప్‌టాప్ కొని, దుకాణంలోనే విస్టా పీకించి ఎక్స్‌పీ వేయించుకుని ఇంటికి తెచ్చుకున్న వాళ్లు మన దగ్గరా బోలెడుమంది. ఇది దొంగతనంగా చేసింది కూడా కాదు. విస్టా బిజినెస్, అల్టిమేట్ రకాలు కొన్నవాళ్లకి ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌కి వెనక్కి వెళ్లే హక్కు లైసెన్సులోనే రాసి ఉండేది. కొత్తది అమ్ముతూ, పాతదానికి పోయే దారీ అమ్మడం.

2008లో మైక్రోసాఫ్ట్ ఒక పని చేసింది. విస్టా అంటే ముఖం చిట్లించే వాళ్లని కొందరిని శాన్‌ఫ్రాన్సిస్కోలో పిలిచి, “ఇదిగో, మొహావీ అని కొత్తది వస్తోంది, చూడండి” అని చూపించింది. బాగుందన్నారు. అప్పుడు చెప్పారు, మీరు చూసింది విస్టానే అని. ఆ వీడియోలతో ప్రకటనలు కూడా వేశారు. నిజమే, విస్టాలో తప్పంతా విస్టాది కాదు. అప్పటి కంప్యూటర్లు దాని బరువు మోయలేకపోయాయి, ప్రింటర్ల వాళ్లు, స్కానర్ల వాళ్లు డ్రైవర్లు సిద్ధం చేసుకోలేదు. ఆ డ్రైవర్ల మాదిరిని దాదాపు అలాగే ఉంచి, బరువు తగ్గించి, మూడేళ్లలోపే ఇచ్చినదే అందరూ ముద్దు చేసిన ఏడు. 6.0కీ 6.1కీ ఉన్న దూరం అంతే.

◆ తెలుగువాళ్లకి ఎక్స్‌పీ ఎందుకు ముఖ్యం? విండోస్ 2000లో హిందీ, తమిళం వచ్చాయి గాని తెలుగు లేదు. తెలుగు యూనికోడ్ ఎక్స్‌పీతోనే లోపలికి వచ్చింది, గౌతమి అనే ఫాంటు వెంట పెట్టుకుని. గోదావరి పాయ పేరు పెట్టుకున్న ఫాంటు. కన్నడానికి తుంగ అని పేరు పెట్టారు కనక నదుల మీద ఎవరికో మనసున్నట్టుంది.

వచ్చింది గాని పిలిస్తేనే వచ్చేది. ఎక్స్‌పీ మామూలుగా వేస్తే తెలుగు వత్తులూ గుణింతాలూ విడివిడిగా, చుక్కల గుండ్రాల మీద కూర్చుని కనిపించేవి. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, రీజినల్ సెట్టింగ్స్‌లో రెండో ట్యాబ్ తెరిచి, ‘సంక్లిష్ట లిపుల’ గడిలో టిక్కు పెట్టాలి. పెట్టగానే “సీడీ పెట్టు” అనేది. ఆ సీడీ మన దగ్గర ఉండదు, కంప్యూటర్ అమ్మినవాడి దగ్గర ఉంటుంది. వాడు భోజనానికి వెళ్లి ఉంటాడు. తెలుగులో ఒక వాక్యం చదువుకోవడానికి నేను ఒక మధ్యాహ్నమంతా ఒక దుకాణం మెట్ల మీద కూర్చున్నాను, 2005లో. విస్టాలో ఆ టిక్కు అక్కర్లేకుండా పోయింది. అందరూ తిట్టుకున్న విస్టాకి నేను ఆ ఒక్క విషయంలో రుణపడి ఉన్నాను. ఏడులో వాణి అనే ఫాంటు చేరింది, ఎనిమిదిలో నిర్మల వచ్చింది. ఇప్పుడు పదకొండు వాడేవాళ్లకి తెర మీద కనిపించే తెలుగు చాలామటుకు నిర్మలదే.

◆ హైదరాబాదులో పుట్టి, బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ పగ్గాలు అందుకున్నారు. సరిగ్గా 63 రోజులకి ఎక్స్‌పీకి తెర పడింది.

◆ మా వీధి చివర డీటీపీ షాపులో మాత్రం ఆ తెర ఇంకా పడలేదు. బల్ల దగ్గర రెండు కంప్యూటర్లు. ఒకటి కొత్తది, పదకొండు. రెండోది బల్ల కింద, దుమ్ము పట్టిన డబ్బా, లోపల ఎక్స్‌పీ. షాపతను దానికి నెట్ వైరు పీకేసి వెనక ముడేసి పెట్టాడు. పేజీలు కట్టే పేజ్‌మేకర్ ప్రోగ్రామూ, అను ఫాంట్లూ అందులోనే. నేను వెళ్లేసరికి శుభలేఖ కడుతున్నాడు. కళ్లు చేతిరాత కాగితం మీద, వేళ్లు కీబోర్డు మీద, మధ్యలో ఎక్కడా చూపు కలవదు. ‘చి.ల.సౌ.’ కొట్టి, పెళ్లికూతురి పేరు కొట్టి, “తాతగారి పేరు పైన వేయమన్నారా, కింద వేయమన్నారా?” అని ఫోన్‌లో అడుగుతున్నాడు.

“కొత్తదాంట్లో ఎక్కదా ఇది?” అన్నాను.

“ఎక్కుద్దండీ, తంటాలు పడితే. పెళ్లిళ్ల సీజన్లో తంటాలు పడే తీరికెక్కడిది?”

అదే ఫైల్లో రెండు వాక్యాలు పెన్‌డ్రైవ్‌లో వేసి, ఫాంటు లేని కొత్త కంప్యూటర్లో తెరిచి చూపించాడు. తాతగారు, మనవరాలు, సుముహూర్తం, విందు అన్నీ పోయి, టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలూ, పౌండు గుర్తులూ, తలకిందుల ప్రశ్నార్థకాలూ మిగిలాయి. కారణం సులువే. యూనికోడ్ రాకముందు తయారైన ఇలాంటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకి కేటాయించిన గదుల్లోనే తెలుగు తలకట్లనీ, కొమ్ముల్నీ, వత్తుల్నీ ముక్కలుగా కూర్చోబెట్టాయి. ఫాంటు ఉంటే అది తెలుగు, లేకపోతే గిలుకులు. పేజ్‌మేకర్ ఆఖరి పెద్ద వెర్షన్ 7.0. వచ్చింది 2001లో, ఎక్స్‌పీ పుట్టిన ఏడాదే. దానికి యూనికోడ్ తెలియదు, నేర్పేవాళ్లూ లేరు. తెలుగులో ఇరవై పాతికేళ్ల పుస్తకాలూ కరపత్రాలూ ఎన్ని ఈ గిలుకుల్లో ఇరుక్కున్నాయో తలుచుకుంటే, పాత కంప్యూటర్ పారేయమని అతనికి సలహా చెప్పడానికి నాకు నోరు రాలేదు. నెట్ వైరు పీకేయడంలో అతనికున్న తెలివి చాలామంది ఆఫీసర్లకి లేదు.

◆ ఇలాంటి వాళ్ల కోసమే విండోస్ 7 ప్రొఫెషనల్‌లో ‘ఎక్స్‌పీ మోడ్’ అని ఇచ్చారు. కొత్త ఇంట్లో పాత వంటగది. మరి 64 బిట్ విండోసుల్లో డాస్ కాలపు 16 బిట్ ప్రోగ్రాములు అసలు నడవవు, పదకొండులో 32 బిట్ రకమే లేదు. ఫాక్స్‌ప్రోలో ఎప్పుడో రాయించుకున్న బిల్లింగ్ ప్రోగ్రాంతో మందుల షాపు నడిపేవాళ్లు ల్యాప్‌టాప్ మార్చేముందు ఈ ఒక్క సంగతి కనుక్కోవాలి. కొన్నాక కనుక్కుంటే చేతిరాత బిల్లులే గతి.

◆ కొత్తదైతే భద్రం అనీ చెప్పలేం. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు అక్షరం కొత్త ఐఫోన్లని కూలదోసింది. జ్ఞా! జ, పొల్లు, ఞ, వాటి తర్వాత కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరసలో ఆ అక్షరం మెసేజ్‌గా వస్తే దాన్ని గీయబోయి ఐఓఎస్ 11 తడబడి పడిపోయేది. మ్యాక్ ల్యాప్‌టాప్‌ల్లో అప్పటికి సరికొత్తదైన హై సియెరాదీ అదే పరిస్థితి. ఫిబ్రవరి 19న యాపిల్ అతుకు వేసింది. మామూలుగా మనం టైపు చేసే ‘జ్ఞానం’లో ఆ కనిపించని గుర్తు ఉండదు కనక తెలుగువాళ్లకి పెద్ద నష్టం జరగలేదు. ఆకతాయిలకి మాత్రం పండగ. అజ్ఞానం వల్ల కాకుండా జ్ఞానం వల్ల ఫోన్లు చెడిపోయిన సందర్భం బహుశా అదొక్కటే.

◆ పాతదాన్ని వదల్లేని వాళ్లలో మామయ్య ఒంటరి కాదు.

2015లో అమెరికా నౌకాదళం ఎక్స్‌పీకి అతుకులు వేస్తూ ఉండమని మైక్రోసాఫ్ట్‌తో 90 లక్షల డాలర్ల పైచిలుకు ఒప్పందం రాసుకుంది. అదే ఏడాది నవంబరులో పొగమంచు పట్టిన ఒక రోజు పారిస్‌లోని ఓర్లీ విమానాశ్రయం నిలిచిపోయింది. విమానం నడిపేవాళ్లకి వాతావరణం చెప్పే కంప్యూటర్ మొరాయించింది. దాంట్లో ఉన్నది విండోస్ 3.1, అంటే 1992 నాటి సరుకు. 2024 జనవరిలో జర్మనీ రైళ్ల కోసం విండోస్ 3.11 తెలిసిన మనిషి కావాలని ఉద్యోగ ప్రకటన పడింది. ఆ ఉద్యోగానికి అర్హులు మన పాలిటెక్నిక్‌ల్లో రిటైరై బోలెడుమంది ఉంటారు.

మన ఏటీఎంల సంగతీ ఇంతే. ఎక్స్‌పీ పోయిన నాలుగేళ్లకి, 2018 జూన్‌లో, రిజర్వు బ్యాంకు గడువులు పెట్టింది. సెప్టెంబరుకి పాతిక శాతం మిషన్లు, డిసెంబరుకి సగం, 2019 మార్చికి ముప్పావు, జూన్‌కి మొత్తం మార్చాలని. ‘ఔటాఫ్ సర్వీస్’ బోర్డు తగిలించిన ప్రతి ఏటీఎం ముందూ మనం తిట్టుకున్నది బ్యాంకునే. లోపల ఏముందో ఎవరు చూశారు?

◆ 2017 మే 12న వన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకి ఫైళ్లకి తాళాలేసి డబ్బడిగింది. ఇంగ్లండ్ ఆసుపత్రుల నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల దాకా తగిలింది. “ఎక్స్‌పీ వాడితే ఇంతే” అని అందరూ అన్నారు. లెక్క తేలాక చూస్తే దెబ్బతిన్న వాటిలో అత్యధికం విండోస్ 7. అప్పటికి ఏడు బతికే ఉంది, దానికి మందు కూడా రెండు నెలల ముందే, మార్చిలోనే, వచ్చింది. వేసుకోలేదంతే. ఎక్స్‌పీ మీద ఆ పురుగు సరిగ్గా పనిచెయ్యలేక నీలితెర వచ్చి ఆగిపోయేదట. మందున్నవాడు వేసుకోక పడ్డాడు, మందులేనివాడు నీరసంతో బతికిపోయాడు. పాతదా కొత్తదా అని వాదించుకునే వాళ్లకి నేను ముందు ఈ కథే చెబుతాను.

◆ “రోజూ షట్‌డౌన్ చేసే పడుకుంటానురా, అయినా నెమ్మది” అన్నాడు మామయ్య. టాస్క్ మేనేజర్ తెరిపించి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ కింద ‘అప్ టైమ్’ చదవమన్నాను. 41 రోజులు! “రాత్రే కదరా ఆపింది!” విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే నిజంగా ఆపడం కాదు. త్వరగా తెరుచుకోవడం కోసం లోపలి గుండెకాయని అలాగే డిస్కు మీద దాచి పడుకోబెడుతుంది. పొద్దున లేచేది నిన్నటి మనిషే, నిన్నటి నలతతోనే. నిజంగా కొత్తగా లేవాలంటే రీస్టార్ట్ నొక్కాలి. నొక్కాడు. “పర్లేదురా, సగం తేడా కనిపిస్తోంది” అన్నాడు.

మిగతా సగం, మామయ్య ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చినప్పుడు, సికింద్రాబాద్‌లో దొరికింది. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ బోర్లించి, పదకొండు స్క్రూలు విప్పి అరచేతిలో పోసుకుని, అడుగు పలక పాత బ్యాంకు కార్డుతో గీకి ఊడదీశాడు. తిరిగే పాత హార్డ్‌డిస్కు తీసి దాని స్థానంలో బిస్కెట్టంత తేలికైన ఎస్‌ఎస్‌డీ పెట్టాడు. అంతకుముందు తెరుచుకోవడానికి రెండు నిమిషాలు తీసుకునే యంత్రం ఇప్పుడు టీ కప్పు కింద పెట్టేలోపు సిద్ధం. విండోస్ మార్చలేదు. పాతదే. ఇంతకాలం ‘పాతబడిపోయింది’ అని మనం విండోస్‌ని తిట్టిన తిట్లలో చాలాభాగం ఆ తిరిగే పళ్లేనికి చెందాల్సినవి.

“అన్నా, పదకొండు కూడా ఎక్కించేస్తా, చెకింగ్ తీసేసి” అన్నాడు కుర్రాడు. ఎక్కుతుంది, దారులున్నాయి. కాకపోతే అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్‌లు అందుతాయని హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. అతుకుల కోసం మారుతూ అతుకులకి హామీ లేని చోటికి వెళ్లడం దేనికి? వద్దన్నాను. ఊడదీసిన హార్డ్‌డిస్కుని మామయ్య రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

◆ ఎక్స్‌పీ స్టార్టర్ ఎడిషన్ అని తక్కువ ధరకి ఒకటి ఉండేది. మన దేశంలో హిందీలో వచ్చింది. అందులో ఒకేసారి మూడు ప్రోగ్రాములే తెరవనిచ్చేది. నాలుగోది తెరవబోతే కుదరదనేది. విండోస్ 7 స్టార్టర్‌లో ఆ లెక్క తీసేశారు గాని, వాల్‌పేపర్ మార్చుకోనివ్వలేదు. పిల్లాడి ఫొటో పెట్టుకోవాలంటే పై రకం కొనాలి.

◆ వాల్‌పేపర్ అంటే ఎక్స్‌పీ పచ్చకొండ. కాలిఫోర్నియాలో సొనోమా ప్రాంతంలో చార్లెస్ ఓ’రియర్ 1996లో తీసిన ఫొటో. ఎవరో కంప్యూటర్లో గీశారని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. అది నిజానికి ద్రాక్షతోటల నేల. పురుగు పట్టి తీగలు పీకేయడం వల్ల ఆ కాస్త కాలం పచ్చగడ్డి మొలిచింది. తర్వాత మళ్లీ తీగలు నాటారు.

◆ 2012లో ఎనిమిదో విండోస్ స్టార్ట్ బటన్ తీసేసింది. ఏడాది తిరక్కుండా, 2013 అక్టోబరులో, 8.1లో తిరిగి పెట్టింది. ఇంతకన్నా ఆ విండోస్ గురించి చెప్పుకోదగ్గది లేదు.

◆ మ్యాక్ వాళ్ల బాధ వేరు. అక్కడ కొత్త వెర్షన్ ఊరికే ఇస్తారు, 2013లో మావెరిక్స్ నుంచీ. కానీ 2019లో కాటలీనాకి మారిన రోజున 32 బిట్ ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా చచ్చిపోయాయి. ఇంటెల్ చిప్పున్న మ్యాకులకి 2025లో వచ్చిన తాహోయే ఆఖరిదని యాపిల్ తేల్చి చెప్పింది. అందులోనూ అన్ని ఇంటెల్ మ్యాకులకీ తాహో ఎక్కదు.

◆ మూడో దారి లినక్స్. ఉబుంటు అనే లినక్స్‌లో రెండేళ్లకోసారి, సరిసంఖ్య ఏడాది ఏప్రిల్‌లో, వచ్చే ఎల్‌టీఎస్ రకానికి ఐదేళ్లు అతుకులు వస్తాయి. దీని గొప్పతనం ఏమిటంటే కొనకముందు తొడిగి చూసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ మీద ఎక్కించి, దాంతోనే ల్యాప్‌టాప్ తెరిచి, వైఫై అందుతోందా, ప్రింటర్ కదులుతోందా చూసి, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే చాలు, లోపలి విండోస్‌కి ఈ సంగతే తెలియదు. తెలుగు మెనూలతో ‘స్వేచ్ఛ’ వాళ్లు హైదరాబాదులో ఒక లినక్స్ తయారుచేశారు కూడా. మరీ పాత 32 బిట్ ల్యాప్‌టాప్‌లకి మాత్రం ఇక్కడా తలుపులు మూసుకుంటున్నాయి. పాతవాళ్లకి పెట్టింది పేరైన డెబియన్ లినక్స్ కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13తో వాటికి ఇన్‌స్టలేషన్ ఆపేసింది.

◆ పదో విండోస్ అందరికీ ఒకే రోజు పోలేదు. ఇళ్లలో వాడుకునే వాళ్లకి ఇంకో ఏడాది, 2026 అక్టోబరు 13 వరకు, అతుకులు పొడిగించారు. అదీ రెండో మంగళవారమే. సెట్టింగ్స్‌ని మైక్రోసాఫ్ట్ ఖాతాతో కలిపి బ్యాకప్ చేసుకుంటే ఉచితం. లేదంటే రివార్డ్స్ పాయింట్లు వెయ్యి. అదీ కాదంటే 30 డాలర్లు. ఇక ఆసుపత్రి మిషన్లలాంటి, ఒకే పని చేసే యంత్రాల కోసం ఇచ్చే ఐఓటీ ఎల్‌టీఎస్‌సీ 2021 అనే రకానికి 2032 జనవరి 13 దాకా ఆయుష్షుంది. అదీ పదో విండోసే. ఒకే తల్లి పిల్లలు, జాతకాలు వేరు.

మామయ్యకి ఏడాది పొడిగింపు పెట్టించాను. ఆయన అడిగింది అది కాదని తర్వాత తెలిసింది.

◆ విండోస్‌లో పేకాట, అదే సాలిటైర్, 1990లో 3.0తో వచ్చింది. రాసింది వెస్ చెర్రీ అనే శిక్షణలో ఉన్న కుర్రాడు. దానికి ఆయనకి పైసా ముట్టలేదు. ముక్కలు గీసింది సూసన్ కేర్, తొలి మ్యాక్ బొమ్మలు గీసినావిడే. మౌస్‌తో పట్టుకుని లాగి వదలడం జనానికి అలవాటు చేయడానికే ఈ ఆట పెట్టారంటారు. బ్యాంకుల్లో కంప్యూటర్లు వచ్చిన కొత్తలో మామయ్య మౌస్ నేర్చుకున్నది కూడా దాంతోనేనట, “మేనేజరు వచ్చేలోపు ఒక ఆట” అంటూ, గెలిచాక తెర మీద దూకే ముక్కల్ని చూసి మురుస్తూ. ఎనిమిదో విండోస్ దాన్ని లోపల్నుంచి తీసేసింది. పదిలో యాప్‌గా వచ్చింది, మధ్యమధ్య ప్రకటనలతో.

“పదకొండులో నా పాత పేకాట ఉంటుందా అని కదరా అడిగాను” అన్నాడు. ఉండదు. మైక్రోసాఫ్ట్ యాపే అక్కడా. అందుకని మొన్న తెనాలి వెళ్లినప్పుడు పెన్‌డ్రైవ్ మీద లినక్స్ తెరిచి, అందులో ఒక సాలిటైర్ దింపి ఇచ్చాను. ప్రకటనల్లేవు. కళ్లజోడు సవరించుకుని గంటసేపు ఆడాడు. రెండుసార్లు ఓడి మూడోసారి గెలిచాడు. ఆఖరి రాజుని పైన పెట్టి, మౌస్ వదిలేసి, చేతులు కట్టుకుని తెర వంక చూస్తూ కూర్చున్నాడు. కాసేపయ్యాక నావైపు తిరిగాడు.

“ముక్కలు దూకట్లేదేంట్రా?”